కళ్లెదుటే కనికట్టు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒకే దారిలో వచ్చాయి. ఏది నిజమో ఏది భ్రమో తేల్చుకోనివ్వని సైకలాజికల్ థ్రిల్లర్ల మీదే అందరి ప్రశ్నలూ. జవాబు చెప్పాలంటే కొన్ని సినిమాల ముడి విప్పక తప్పలేదు: స్టేజ్ ఫ్రైట్, గ్యాస్‌లైట్, వెర్టిగో, ది సిక్స్త్ సెన్స్, ఎ బ్యూటిఫుల్ మైండ్, కహానీ. వీటిలో మీరు చూడాలనుకుంటున్నది ఉంటే ఆ పేరు కనబడగానే ఆ పేరా దాటెయ్యండి.

సినిమా అంతా ఒకటి చూపించి, ఆఖరి పది నిమిషాల్లో "అదంతా వాడి ఊహే" అనేశారు. నన్ను మోసం చేసినట్టనిపించింది. మా అన్నయ్య మాత్రం గొప్ప సినిమా అంటాడు. మాలో ఎవరు రైటు?
— చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు

ముగింపు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం. అదే సినిమా మొదటి నుంచి మళ్లీ చూడండి. పాత సన్నివేశాలు కొత్త అర్థంతో గట్టిగా నిలబడితే మీ అన్నయ్య రైటు. "అలాగైతే ఆవిడ వాడితో ఎలా మాట్లాడింది? ఆ తలుపు ఎవరు తీశారు?" అని అడుగడుగునా ప్రశ్నలు లేస్తే మీరు రైటు.

మేం నమ్మే సూత్రం ఒకటుంది. అబద్ధం పాత్ర ఆడొచ్చు, కెమెరా ఆడకూడదు. కెమెరా కూడా ఆడక తప్పని కథైతే, అది ఎవరి కళ్లలోంచి చూస్తోందో ప్రేక్షకుడికి ముందే ఉప్పందించాలి.

1950లో వచ్చిన రెండు సినిమాలు పక్కపక్కన పెడితే ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది. థ్రిల్లర్లకి పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ తీసిన స్టేజ్ ఫ్రైట్ మొదట్లోనే ఒక పాత్ర జరిగింది ఇదీ అని చెబుతుంది, తెర మీద అదంతా ఫ్లాష్‌బ్యాక్‌గా నడుస్తుంది. చివరికి అదంతా కట్టుకథ అని తేలుతుంది. జనానికి నచ్చలేదు. ఆ అబద్ధపు ఫ్లాష్‌బ్యాక్ పెట్టి ఉండకూడదని హిచ్‌కాక్ కూడా తర్వాత అన్నాడు. అదే ఏడాది జపాన్ దర్శకుడు కురొసావా తీసిన రషోమాన్‌లో ఒకే హత్య గురించి నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు. అక్కడా తెర మీద చూసినవన్నీ నిజం కావు, కానీ ఎవరికీ మోసపోయినట్టుండదు. కారణం ఏమిటంటే, అక్కడ ప్రతి కథా సాక్ష్యంగా మొదలవుతుంది. చెప్పే మనిషి మొహం ముందు చూస్తాం, కథ తర్వాత వింటాం. సాక్షి అబద్ధం ఆడొచ్చన్న సంగతి మనకి ముందే తెలుసు కదా.

ఆధారాలన్నీ కళ్ల ముందే పెట్టారంటారు. మరి మాకెందుకు కనబడవు?
— ఆమదాలవలస నుంచి ఒక పాఠకురాలు

మీ చూపులో లోపం ఏమీ లేదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వీడియో చూపించి, అందులో తెల్ల చొక్కాల జట్టు బంతిని ఎన్నిసార్లు అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి నడిచొచ్చి, గుండెలు బాదుకుని వెళ్లిపోయాడు. చూసినవాళ్లలో సుమారు సగం మందికి ఆ గొరిల్లా కనబడనే లేదు. కంటికి ఒక పని అప్పజెబితే పక్కన జరిగేది మనసుకి ఎక్కదు.

థ్రిల్లర్ దర్శకుడు చేసే పనీ ఇదే. ఆధారం తెర మీదికి వచ్చిన క్షణాన మీ దృష్టికి మరో పని పెడతాడు: ఒక గొడవ, ఒక కన్నీటి బొట్టు, ఒక ముఖ్యమైన మాట. షట్టర్ ఐలాండ్‌లో (2010) విచారణ గదిలో ఒకావిడ మంచినీళ్లు అడిగి తాగుతుంది. ఒక షాట్‌లో ఆమె చేతిలో గ్లాసే ఉండదు. తర్వాతి షాట్‌లో గ్లాసు ఉంటుంది. ఆ సమయంలో మనం ఆమె చెప్పబోయే మాట కోసం ఎదురుచూస్తుంటాం కాబట్టి చెయ్యి చూడం. ఫైట్ క్లబ్‌లో (1999) ముఖ్య పాత్ర ఒకటి అసలు ప్రవేశానికి ముందే కొన్నిచోట్ల ఒక్క ఫ్రేము మాత్రం మెరిసి మాయమవుతుంది. సెకనులో 24వ వంతు. కన్ను పడుతుంది, మనసు పట్టుకోదు.

పరభాషా సినిమా ఓటీటీలో చూసేవాళ్లకి ఇంకో చిక్కు. సబ్‌టైటిల్ చదువుతున్నంతసేపూ చూపు తెర అడుగునే ఉంటుంది, వెనక గోడ మీదున్న ఆధారం జారిపోతుంది. తెలుగు డబ్బింగ్ పెట్టుకుంటే కన్ను ఖాళీ అవుతుంది గానీ, గొంతులో తడబాటు పోవచ్చు. అబద్ధం ఆడేటప్పుడు నటుడు మింగిన గుటక డబ్బింగ్ థియేటర్లో మళ్లీ పలకడం కష్టం. మా సలహా: మొదటిసారి సబ్‌టైటిల్స్‌తో అసలు భాషలో చూడండి. రెండోసారి కథ తెలుసు కాబట్టి సబ్‌టైటిల్స్ తీసేసి చూడండి. దర్శకుడు దాచినవన్నీ అప్పుడు బయటపడతాయి.

మేం విజయనగరంలో చదువుతున్న నలుగురం, ఫోనుతోనే 15 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. హీరోతో పాటు తిరిగే స్నేహితుడు నిజానికి లేడన్నది ముడి. ముందే దొరికిపోకుండా ఏటి చెయ్యాలి? ఏ జాగర్తలు తీసుకోవాలి?

కెమెరా కంటే ముందు కాగితం పట్టుకోండి. మూడు నిలువు గడులు గీసి, జరిగింది, హీరోకి కనబడింది, ప్రేక్షకుడికి తెలిసింది అని రాయండి. ప్రతి సన్నివేశానికీ మూడూ నింపాలి. మొదటి గడి ఖాళీగా ఉండిపోయిన సన్నివేశం పనికిరాదు. స్నేహితుడు లేనప్పుడు అక్కడ అసలేం జరిగి ఉంటుందో మీకే తెలియకపోతే ప్రేక్షకుడు తప్పకుండా పట్టేస్తాడు.

తర్వాత ఆ స్నేహితుడికి కట్టుబాట్లు రాసుకోండి. హీరో తప్ప ఎవరూ అతనితో మాట్లాడకూడదు, అతని వైపు చూడకూడదు, అతనికి దారి ఇవ్వకూడదు. అతను ఏ వస్తువునీ ఒకచోట నుంచి ఇంకోచోటికి జరపకూడదు. ది సిక్స్త్ సెన్స్‌లో (1999) హోటల్ సన్నివేశం వంద సార్లు చూడదగ్గది. భర్త (అతను అప్పటికే చనిపోయాడని మనకి తెలీదు) ఆలస్యంగా వచ్చి కూర్చుంటాడు, కుర్చీ లాగడు. భార్య బిల్లు తీసుకుంటుంది, అతని మాటలకి జవాబివ్వదు, "హ్యాపీ యానివర్సరీ" అని మాత్రం అనేసి వెళ్లిపోతుంది. అలిగిందనుకుంటాం. అక్కడే ఉంది పనితనమంతా. మౌనానికి ప్రేక్షకుడు తనంతట తాను ఒక కారణం వెతుక్కునేలా చెయ్యాలి. మీ కథలోనూ ఎవరైనా స్నేహితుణ్ణి పట్టించుకోని ప్రతిచోటా కోపమో, తొందరో, బేరంలో మునిగిపోవడమో ఏదో ఒక మామూలు కారణం కనబడాలి.

మన ఊళ్లోనే ఇందుకు బోలెడు అవకాశాలున్నాయి. కాంప్లెక్స్ దగ్గర షేర్ ఆటో ఎక్కారనుకోండి, డ్రైవర్ ఒక్క మనిషి కిరాయే తీసుకుంటాడు. హీరో చిల్లర కోసం జేబులు తడుముకుంటుంటే ఆ సంగతి ఎవరికీ తట్టదు. టీ కొట్టులో హీరో రెండు టీలు చెప్పొచ్చు, కొట్టువాడు రెండూ ఇస్తాడు, అందులో అబద్ధం లేదు. లేచి వెళ్లేటప్పుడు రెండో గ్లాసు నిండుగా, మీగడ కట్టి ఉండాలి. దాన్ని ఫ్రేము మూలన ఉంచండి. క్లోజప్ వేస్తే మాత్రం ముడి అక్కడితో విడిపోయినట్టే.

ఇక చిత్రీకరణ. ముడి విప్పే సన్నివేశంలో పనికొచ్చే ప్రతి షాట్‌నీ రెండుసార్లు తియ్యండి: స్నేహితుడితో ఒకసారి, అతను లేకుండా ఇంకోసారి. ఫోను ట్రైపాడ్ మీద కదలకూడదు. నేల మీద ఇద్దరి కాళ్ల గుర్తులూ టేపుతో పెట్టుకోండి. రెండో టేకు వెంటనే తియ్యాలి, ఆలస్యమైతే ఎండ జరిగి నీడలు కలవవు. సాయంత్రం 4 దాటాక ఈ పని పెట్టుకోవద్దు. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) లాక్ చెయ్యండి. లేకపోతే స్నేహితుడి తెల్ల చొక్కా ఫ్రేములోంచి వెళ్లగానే వెలుగు దానంతటదే మారిపోతుంది, రెండు షాట్లూ అతకవు. వైట్ బ్యాలన్స్ (రంగుల ఛాయ) కూడా లాక్ కావాలంటే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్ల కింద సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి. లేదంటే తెర మీద చారలు పాకుతాయి.

పొరపాట్లు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయంటే:

మోటారు సైకిల్ మీద. వెనక మనిషి కూర్చుంటే బండి కిందికి దిగుతుంది. లేనప్పుడు తీసిన షాట్‌లో అది పైకి లేచి ఉంటుంది, హీరో తల ఎత్తు మారిపోతుంది. బండి నడిచే షాట్లు నడుము పైనుంచి తియ్యండి, చక్రాలు చూపించొద్దు. అద్దాలూ జాగ్రత్త. బండి అద్దం, కొట్టు గాజు తలుపు, కళ్లజోడు — వీటిలో స్నేహితుడు కనిపిస్తే అది ఆధారమా, పొరపాటా అన్నది మీ మూడు గడుల కాగితమే చెప్పాలి.

జనం మధ్య. గంటస్తంభం దగ్గర తీస్తే వెనక నడిచేవాళ్లు ఇద్దరు నటుల వైపూ తిరిగి చూస్తారు. అంతే, లేని మనిషి ఉన్నట్టయిపోతాడు. జనంలో తియ్యక తప్పకపోతే పొద్దున్నే వెళ్లండి, కొట్లు తియ్యకముందు. లేదా కెమెరా దూరంగా పెట్టి జూమ్‌లో తియ్యండి, అప్పుడు ఎవరూ గమనించరు. పెద్ద చెరువు గట్టు మీద జనం బాధ తక్కువ గానీ గాలి ఎక్కువ, మైకుకి స్పాంజి తొడుగు లేకుండా మాటలు రావు. రైల్వే స్టేషన్‌లో తియ్యాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ఫోనుతో తీసినా సరే.

శబ్దం విషయంలో మీకో చిన్న వరం ఉంది. ప్రతి చోటా, అందరూ నోరు మూసుకుని, ఒక్క నిమిషం పాటు ఆ చోటి సద్దు రికార్డు చెయ్యండి. హీరో మాటలు అక్కడే, ఆ సద్దుతోనే ఉండనివ్వండి. స్నేహితుడి మాటలు మాత్రం ఇంట్లో దుప్పటి కప్పుకుని విడిగా రికార్డు చేసి, అతను పలికేటప్పుడు బయటి సద్దు కొద్దిగా తగ్గించండి. మొదటిసారి ఎవరూ కనిపెట్టరు. రెండోసారి వింటే మాత్రం ఆ గొంతు బయట నుంచి రావడం లేదని తెలిసిపోతుంది.

నిడివి లెక్క. 15 నిమిషాల సినిమాకి స్క్రిప్టు సుమారు 15 పేజీలు. ముడి 11 లేదా 12వ నిమిషంలో విప్పండి, ఆ దెబ్బ హీరోకి తగిలే సమయం కూడా ఉండాలి. ఆఖరి నిమిషంలో విప్పితే అది పొడుపుకథ అవుతుంది గానీ కథ కాదు. పాత ఆధారాలు మళ్లీ చూపించే భాగం 20 సెకన్లు దాటకూడదు, అందులో ముందు చూపించిన షాట్లే, వాటి స్నేహితుడు లేని జంటలే వాడాలి. చాలామంది ఇక్కడే కాలు జారతారు. ముందెప్పుడూ చూపించని కోణం ఒకటి తెచ్చి "ఇదిగో, అప్పుడు ఇలా జరిగింది" అంటారు. కెమెరా అబద్ధం ఆడిందని ప్రేక్షకుడికి అనిపించేది ఆ క్షణంలోనే.

రహస్యం ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తే సినిమాలో ఇంకేం మిగులుతుంది?
— విజయనగరం నుంచి ఒక నాటకాభిమాని

నాటకాభిమాని అన్నారు కాబట్టి మీ ఊరి నాటకంతోనే జవాబు చెబుతాం. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం గుర్తు తెచ్చుకోండి. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి అంటగడతాడు. ఆ సంగతి మనకి తెలుసు, అవధాన్లుకి తెలీదు. ఆ తర్వాత పెళ్లికూతురు మాయమై, ముసలాయన మీద ఖూనీ కేసు పడుతుంది. అసలు పుట్టనే పుట్టని పిల్లని చంపాడని నేరం! గురజాడ ఆ రహస్యం మన దగ్గర దాచి ఉంటే చివర్లో ఒక్కసారి నవ్వేవాళ్లం. ముందే చెప్పడం వల్ల అవధాన్లు వేసే ప్రతి అడుగూ నవ్విస్తుంది, భయపెడుతుంది, జాలి కూడా పుట్టిస్తుంది.

హిచ్‌కాక్ చెప్పిన బల్ల కింద బాంబు లెక్క ఇదే. చెప్పకుండా పేలిస్తే 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లని కబుర్లాడనిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. వెర్టిగోలో (1958) అతను ఈ పనే చేశాడు. బ్వాలో, నార్సెజాక్ అనే ఇద్దరు ఫ్రెంచి రచయితలు రాసిన మూల నవలలో, హీరో ప్రేమించిన ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కరే అన్న రహస్యం చివరిదాకా దాగి ఉంటుంది. సినిమాలో మాత్రం మూడింట రెండు వంతులు గడిచేసరికి ఆమె ఉత్తరం రాస్తూ మనకి చెప్పేస్తుంది. అక్కడి నుంచి "ఆమె ఎవరు?" అన్న ప్రశ్న పోయి, "ఇతనికి తెలిస్తే ఏమవుతాడు?" అన్నది మొదలవుతుంది. మా ఓటు ఈ రెండో ప్రశ్నకే.

భార్యకి పిచ్చి అని ఆమెనే నమ్మించే భర్తల కథలు దెయ్యాల సినిమాల కన్నా భయపెడుతున్నాయి. ఎందుకు?
— శ్రీకాకుళం నుంచి ఒక ఉపాధ్యాయిని

దెయ్యం బయట ఉంటుంది, పారిపోవచ్చు. ఇక్కడ మనిషి తన కళ్లనే నమ్మలేని పరిస్థితి. ఈ కోవకి మూలం ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం గ్యాస్ లైట్. 1940లో బ్రిటన్‌లో, 1944లో హాలీవుడ్‌లో సినిమాగా వచ్చింది. రెండోదానికి ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది.

అందులో పనితనమంతా ఒక దీపంలో ఉంది. భర్త రాత్రుళ్లు బయటికి వెళ్తున్నానని చెప్పి, పైన మూసి ఉన్న అంతస్తులో దొంగచాటుగా వెతుకుతుంటాడు. అక్కడ గ్యాస్ దీపం వెలిగించగానే గొట్టాల్లో ఒత్తిడి తగ్గి, కింద ఆమె గదిలో దీపం మందగిస్తుంది. ఆమె చూసింది నిజమే, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. చివరికి బయటి నుంచి వచ్చిన డిటెక్టివ్ "అవును, దీపం తగ్గింది" అన్నప్పుడు బెర్గ్‌మన్ మొహం చూడండి. దొంగ దొరకడం కన్నా ఆ ఒక్క మాటే ఆమెకి పెద్ద విడుదల. ఈ తరహా కథ రాసేవాళ్లు మర్చిపోకూడనిది ఇదే: వస్తువు రూపంలో ఒక ఆధారం, దాన్ని చూసే మూడో మనిషి. రెండూ ఉంటేనే కథ తేలుతుంది.

సినిమాల్లో చూపించినట్టు జబ్బు మనుషులకి నిజంగా లేని మనుషులు కనబడతారా? మా బంధువుల అబ్బాయికి ఇలాంటిదేదో ఉందంటే ఇంట్లో వాళ్లు సినిమా చూసి భయపడుతున్నారు.
— టెక్కలి నుంచి ఒక పాఠకుడు

సినిమా చూసి జబ్బుని అంచనా వెయ్యకండి. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో ఎక్కువగా ఉండేది గొంతులు వినబడడం. గణిత శాస్త్రవేత్త జాన్ నాష్ జీవితంతో తీసిన ఎ బ్యూటిఫుల్ మైండ్‌లో (2001) లేని స్నేహితుడు కళ్లెదుట తిరుగుతాడు. నిజజీవితంలో నాష్‌కి వినబడినవి గొంతులే. తెర మీద గొంతుని చూపించలేక మనిషిని పెట్టారు. ఇక అపరిచితుడు లాంటి సినిమాల్లో ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తులు కనిపించడం పూర్తిగా వేరే సమస్య, స్కిజోఫ్రీనియా కాదు. సినిమాలు ఈ రెంటినీ కలిపేస్తాయి, ఆపైన ఇద్దరి చేతికీ కత్తి ఇస్తాయి. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరికీ హాని చెయ్యరు. ఈ అబద్ధం మాత్రం తెర దిగి ఇళ్లలోకి వచ్చేస్తోంది, అందుకే గట్టిగా చెబుతున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం స్కిజోఫ్రీనియా సుమారు 300 మందిలో ఒకరికి ఉంటుంది. మందులున్నాయి, త్వరగా మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ముందుగా 14416కి ఫోన్ చెయ్యండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అబ్బాయితో "నీకు వినబడేది అబద్ధం" అని వాదన పెట్టుకోవద్దు. "నీకు భయంగా ఉందని తెలుస్తోంది, డాక్టరు దగ్గరికి కలిసి వెళ్దాం" అనండి.

తెలుగులో ఈ తరహా సినిమాలు ఏవి చూడాలి?
— పలాస నుంచి ఒక పాఠకుడు

అనుకోకుండా ఒక రోజు (2005): నాయిక జ్ఞాపకంలోంచి ఒక రోజు మాయమవుతుంది. ఆమెకి తెలిసినదే మనకీ తెలుస్తుంది, అంతకు మించి రవ్వంత కూడా చెప్పరు. ఆ నిజాయితీ కోసం చూడండి. 1: నేనొక్కడినే (2014): హీరో చేశాననుకున్నవి చేశాడో లేదో అతనికే తెలీదు, ఆ సంగతి సినిమా మొదట్లోనే మనకి చెబుతుంది. పైన చెప్పిన సూత్రానికి మంచి ఉదాహరణ. క్షణం (2016): తప్పిపోయిన పాప అసలు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఎవరు (2019): స్పానిష్ సినిమా కాంత్రాతియెంపో నుంచి వచ్చింది. ఒకే సంఘటన మాట మాటకీ రూపం మారుతుంది, కాబట్టి దీన్ని రషోమాన్ పక్కన పెట్టి చూడండి. అ! (2018) గురించి ఏమీ చెప్పం, నేరుగా చూడండి.

అనామిక (2014) మాత్రం పోలిక కోసం చూడాలి. మూలమైన హిందీ కహానీలో (2012) నాయిక నిండు గర్భిణి. ఆ కడుపే అబద్ధం. కడుపుతో ఉన్న మనిషిని ఎవరూ అనుమానించరు, ప్రేక్షకుడు కూడా. తెలుగులో ఆ గర్భం తీసేశారు. కథ అలాగే ఉంది, కానీ మన కళ్ల ముందు రెండు గంటలు నడిచిన అబద్ధం లేకుండా పోయింది, ముగింపు దెబ్బ తగ్గిపోయింది. మోసం ఒక వస్తువులోనో ఒంటి మీదో ఉంటే ఎంత బలమో ఈ రెండూ వరసగా చూస్తే తెలుస్తుంది.

మన సినిమాలకి ఇంటర్వెల్ ఒక అదనపు పరీక్ష. పది నిమిషాలు బయట నిలబడి పక్కవాడితో మాట్లాడితే సగం ముళ్లు అక్కడే విడిపోతాయి. తెలివైన రచయిత ఇంటర్వెల్‌కి ముందే ఒక తప్పుడు జవాబు జనం చేతిలో పెట్టి పంపుతాడు. బయట వాళ్లు దాని గురించే మాట్లాడుకుంటారు.

మా పిల్లాడికి పన్నెండేళ్లు. ఇలాంటివి చూడనివ్వొచ్చా?
— రాజాం నుంచి ఒక తల్లి

సర్టిఫికెట్ చూడండి. 2023లో చట్టం మారాక యూఏలో మూడు తరగతులు వచ్చాయి: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. ఆ వయసు దాటనివాళ్లు చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయం. పెద్దలకి మాత్రమే అని "ఏ" (A) సర్టిఫికెట్ ఇచ్చినవి మాత్రం వద్దు. 13 ప్లస్ సినిమాలైతే ముందు మీరు చూసి, తర్వాత పక్కన కూర్చుని చూపించండి, పగటి పూట. రక్తం కన్నా "అమ్మ నిజంగా అమ్మేనా" లాంటి అనుమానం పుట్టించే కథలు ఆ వయసులో ఎక్కువ రోజులు వెంటాడతాయి. అలాంటివి ఇంకో మూడేళ్లు ఆపండి.